ర్యాట్ ట్రాప్ గోడ కట్టించుకోవడం ఎలా: లారీ బేకర్ పద్ధతి, లెక్కలతో సహా

కాలమ్స్, బీములు పోసి, మధ్యలో దిమ్మెలు పేర్చి, గిలాబు చేసి, దానిమీద ఇటుక రంగు టైల్స్ అంటించిన ఇంటిని కూడా ఇప్పుడు ‘బేకర్ స్టైల్’ అనే అంటున్నారు. తక్కువ ఖర్చు ఇళ్ళకు పేరుపడ్డ ఆర్కిటెక్టు లారీ బేకర్ ఆ గోడలో లేడు. ఇటుక కనపడాలన్నది ఆయన సరదా కాదు. గిలాబు, రంగు ఖర్చు మానేస్తే మిగిలింది ఇటుకే కాబట్టి అది కనపడింది. ఆయన దగ్గర నేర్చుకోవలసింది ఇటుక ఎలా కనపడుతుందని కాదు, ఎలా పేర్చాడని. ఇక్కడ చెప్పేది ర్యాట్ ట్రాప్ బాండ్ అనే ఆ పేర్పు గురించి.

లారీ బేకర్ 1917లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు, ఆర్కిటెక్చర్ చదివాడు. 1945లో కుష్ఠురోగుల ఆసుపత్రుల పనిమీద మన దేశానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. హిమాలయాల్లో పితోరాగఢ్ వైపు చాలా ఏళ్ళు పనిచేశాక కేరళ చేరాడు. 2007లో తిరువనంతపురంలో పోయాడు. అక్కడ ఉళ్ళూరులో ఆయన 1970ల్లో కట్టిన సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ ఆవరణ ఇప్పటికీ చదువుకోదగ్గ పాఠ్యపుస్తకం. ఇల్లు కట్టే సామాను అయిదు మైళ్ళ లోపలే దొరకాలన్న గాంధీ మాట తన పనికి దారి చూపిందని ఆయన చెప్పుకునేవాడు.

ర్యాట్ ట్రాప్ బాండ్ ఆయన కనిపెట్టింది కాదు. ఇంగ్లండులో చిన్న ఇళ్ళకు, ప్రహరీలకు ఎప్పటినుంచో ఉన్న కట్టుబడే. ఆయన చేసిన పనల్లా దాన్ని కేరళ మేస్త్రీల చేతికి అలవాటు చేయడం. సైటులో నిలబడి నేర్పాడు, చేత్తో బొమ్మలు గీసి చిన్న చిన్న పుస్తకాలు వేశాడు. 1985లో మొదలైన కాస్ట్‌ఫోర్డ్ సంస్థ ఆ పనిని ఇంకా నడుపుతోంది. ఒక డిజైనర్ వెనక మిగిలేది భవనాలకన్నా ఇదే ఎక్కువ. మేస్త్రీకి చేతనైతే ఆ డిజైన్ ఎక్కడికైనా పోతుంది, చేతకాకపోతే ఫొటోలోనే ఉండిపోతుంది.

అసలు ఈ గోడ ఏమిటి

మామూలు తొమ్మిది అంగుళాల గోడలో ఇటుకలను పడుకోబెట్టి కడతారు, లోపల ఖాళీ ఉండదు. ర్యాట్ ట్రాప్‌లో ఇటుకను సన్నటి అంచు మీద నిలబెడతారు. బయటి ముఖాన ఒకటి, లోపలి ముఖాన ఒకటి, రెండు పొడుగు ఇటుకలు ఎదురెదురుగా నిలుస్తాయి. వాటి పక్కన ఒక అడ్డ ఇటుక, అదీ నిలబెట్టిందే, గోడ మందం మొత్తానికీ అడ్డంగా పడి రెండు ముఖాలనూ కట్టేస్తుంది. తర్వాత మళ్ళీ రెండు పొడుగు, ఒక అడ్డం. పొడుగు ఇటుకల మధ్య గుల్ల మిగులుతుంది. పై వరుసలో అడ్డ ఇటుక, కింది వరుస పొడుగు ఇటుక నడిమధ్యన కూర్చోవాలి.

230 × 110 × 75 మి.మీ. ఇటుకతో లెక్క ఇలా వస్తుంది. గోడ మందం 230. రెండు ఇటుకల మందం 150 పోతే మధ్య గుల్ల 80. ఒక పొడుగు, ఒక అడ్డం, రెండు సందులు కలిపి 230 + 10 + 75 + 10 = 325 మి.మీ. వరుస ఎత్తు 110 + 10 = 120 మి.మీ. అంటే 325 × 120 ముఖానికి మూడు ఇటుకలు, చదరపు మీటరుకు 77. అదే ఇటుకతో గట్టి గోడకు, అంటే లోపల గుల్ల లేని గోడకు, చదరపు మీటరుకు 98 పడతాయి. నూరు చదరపు అడుగుల గోడకు 715కీ 910కీ ఉన్న తేడా ఇది. విరుగుళ్ళకు మరో అయిదు శాతం కలుపుకోండి.

మాలు ఆదా ఇంకా ఎక్కువ. కాగితం మీద సగానికి సగం తగ్గుతుంది. 1:6 పాళ్ళలో (సిమెంటు ఒకటి, ఇసుక ఆరు) నూరు చదరపు అడుగులకు గట్టి గోడకు రెండు మూటలకు పైన సిమెంటు పడితే, దీనికి ఒక మూట కన్నా కాస్త ఎక్కువ చాలు. అయితే ఆ సగం మేస్త్రీ చేతిలో ఉంది. గుల్లలోకి మాలు జారవిడిస్తే ఆదా అక్కడే పాతిపెట్టినట్టు.

ఇటుకల్లో కాగితం మీద 21 శాతం మిగిలినా ఇల్లు పూర్తయ్యేసరికి అది 18 శాతం దరిదాపుకు దిగుతుంది. కిటికీల కింద, లింటెల్ (తలుపు, కిటికీల మీది అడ్డ దూలం) కింద, గోడ తల మీద గుల్ల లేని వరుసలు పడతాయి కాబట్టి. ఎవరైనా ముప్పై శాతం అని చెబితే గోడ బొమ్మ ముందు పెట్టి లెక్క చూపించమనండి.

లోపలి గుల్లలో కదలకుండా నిలిచిన గాలి వేడిని నెమ్మదింపజేస్తుంది. పడమటి గోడకు ఇది బాగా తెలుస్తుంది. కాకపోతే ఎండ వేడిలో పెద్ద వాటా కప్పు నుంచే దిగుతుంది. కప్పును పట్టించుకోకుండా గోడ ఒక్కటే మారిస్తే గది చల్లబడిందని సంబరపడేంత తేడా రాదు.

ముందు ఈ ప్రశ్నలు తేల్చుకోండి

గోడల మీదే బరువు నిలిచే ఇల్లా, కాలమ్స్ ఇల్లా? ఒకటి రెండు అంతస్తుల బరువు మోయడానికి ఈ గోడ సరిపోతుంది, కానీ నేల, భూకంప జోన్, కప్పు బరువు చూసి ఇంజనీరు సంతకం పెట్టాలి. కాలమ్స్ ఉన్న ఇంట్లో మధ్య గోడలకూ వాడవచ్చు, గోడల సొంత బరువు తగ్గుతుంది. అయితే అక్కడ కాలమ్స్ ఖర్చు ఎలాగూ అయిపోయింది కాబట్టి ఆదా సగమే.

పునాదిలో, బేస్‌మెంటులో ఈ కట్టుబడి వద్దు. నేల మట్టానికి పైన ప్లింత్ (గోడ లేచే పీఠం) వరకూ రాతి కట్టడమో గట్టి ఇటుక కట్టడమో ఉండి, దానిమీద తేమ ఆపే పొర వేసి, అక్కడినుంచి మొదలుపెట్టండి. వరద నీళ్ళు నిలిచే లంక ఊళ్ళలో గుల్లలోకి చేరిన నీరు బయటికి రావడానికి చాలా రోజులు పడుతుంది. అలాంటి చోట వరద మట్టం దాటేదాకా గట్టి గోడే మేలు.

కోస్తాలో తుపాను వాన గోడకు అడ్డంగా కొడుతుంది. గిలాబు లేని గోడ ఉంచాలనుకుంటే కప్పు చూరు కనీసం రెండు అడుగులు ముందుకు రావాలి, కిటికీల మీద సన్‌షేడ్ ఉండాలి. చూరు లేని పెట్టె లాంటి ఇంటికి, గాలి కొట్టే వైపు గోడకైనా గిలాబు చేయించండి. బేకర్ ఇళ్ళకు వెడల్పైన చూర్లు ఎందుకున్నాయో వానాకాలంలో చూస్తే తెలుస్తుంది.

ఇటుక: సగం పని ఇక్కడే

అడ్డ ఇటుక రెండు తలలూ గోడకు రెండు వైపులా కనపడతాయి. అందువల్ల ఇటుకల పొడవులో తేడా ఉంటే రెండు ముఖాలూ ఒకేసారి నిటారుగా రావు. బట్టీ నుంచి నమూనాగా 20 ఇటుకలు తెచ్చి ఒక్కొక్కదాన్నీ కొలవండి. పొడవులో 3–4 మి.మీ. మించి తేడా ఉంటే ఆ బట్టీ వద్దు, లేదా లోపలి ముఖానికి గిలాబు తప్పదని ముందే ఒప్పుకోండి. బయటి ముఖాన్ని దారానికి సరిగ్గా కట్టి, హెచ్చుతగ్గులన్నీ లోపలికి నెట్టడం మేస్త్రీలు మామూలుగా చేసే పని.

రెండు ఇటుకలు కొడితే ఖంగుమనాలి. గోటితో గీస్తే గీత పడకూడదు. ఛాతీ ఎత్తు నుంచి గట్టి నేలమీద వదిలితే ముక్కలు కాకూడదు. ఎండిన ఇటుకను తూచి 24 గంటలు నీళ్ళలో ఉంచి మళ్ళీ తూస్తే బరువు అయిదో వంతు కన్నా ఎక్కువ పెరగకూడదు. గిలాబు లేని గోడకు ఈ చివరి పరీక్ష మానొద్దు.

థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిద దొరికే ఇబ్రహీంపట్నం, రామగుండం లాంటి చోట్ల ఫ్లైయాష్ ఇటుక తేలిగ్గా దొరుకుతుంది. అది అచ్చులో ఒత్తింది కాబట్టి కొలతలు నిక్కచ్చిగా ఉంటాయి, ఈ పేర్పుకు బాగా కుదురుతుంది. రంగు మాత్రం బూడిదే. ఎర్రగా కనపడాలని దానికి రంగు వేయించేవాళ్ళు ఉన్నారు, అప్పుడు మళ్ళీ అయిదేళ్ళకోసారి రంగు ఖర్చు నెత్తిన వేసుకున్నట్టే.

మీ ఊరి ఇటుక 9 × 4 × 3 అంగుళాలైతే పై లెక్క అలాగే వాడకండి. నిలబెట్టినప్పుడు ఎత్తు 110 బదులు 100 దగ్గర ఉంటుంది, వరుస 110–112కు దిగుతుంది, ఇటుకలు పెరుగుతాయి. పది ఇటుకలు వరసగా పేర్చి మొత్తం కొలిచి పదితో భాగించండి. వచ్చిన సగటుతో 325, 120 అంకెలను మళ్ళీ కట్టుకోండి. ఇటుక మీద బట్టీ పేరు గుంత ఉంటే పొడుగు ఇటుకల్లో ఆ వైపు గుల్లలోకి తిప్పాలి.

ప్లాను కొలతల్ని ఇటుకకు సర్దడం

ఇటుక కొట్టడం ఎంత తగ్గితే ఈ గోడ అంత చవక. అందుకే తలుపుకూ కిటికీకీ మధ్య గోడ ముక్కల పొడవును 325 గుణిజానికి 75 కలిపి వచ్చేలా పెట్టండి: 1050, 1375, 2025, 3000 మి.మీ. ఇలా. మొదటి వరుస అడ్డ ఇటుకతో మొదలై అడ్డ ఇటుకతో ముగుస్తుంది. రెండో వరుస 150 మి.మీ. ముక్కల జతతో మొదలవుతుంది, అదే జతతో ముగుస్తుంది. అప్పుడు అడ్డ ఇటుక కింది పొడుగు ఇటుక నడిమికి దానంతట అదే వచ్చి పడుతుంది. ఆ ముక్కలను గ్రైండరుతో ఒకేసారి కోయించి పక్కన పెట్టుకుంటే రోజంతా తాపీతో కొట్టి పాడుచేసే ఇటుకలు మిగులుతాయి.

ఎత్తులోనూ ఇంతే. ప్లింత్ మీద పడుకోబెట్టిన గట్టి వరుస ఒకటి 85 మి.మీ., దానిమీద నిలబెట్టినవి ఏడు వరుసలు 840, మొత్తం 925. అంటే మూడడుగుల కిటికీ గట్టు. ఏడు బదులు పదిహేడు వరుసలు వేస్తే 2125, ఏడడుగుల తలుపు లింటెల్‌కు తొమ్మిది మి.మీ. తక్కువ. ఆ తొమ్మిదీ లింటెల్ కింద మాలులో సర్దుకుంటుంది. ఒక తిన్నటి కర్ర మీద 85 దగ్గర ఒక గీత, అక్కడినుంచి ప్రతి 120కి ఒక గీత గీసి, 85 గీతను వదిలి లెక్కపెట్టి, ఏడో గీత దగ్గర ‘కిటికీ’ అని, పదిహేడో గీత దగ్గర ‘లింటెల్’ అని రాసి మేస్త్రీకి ఇవ్వండి. టేపు కన్నా ఈ కర్రే ఎక్కువ పనిచేస్తుంది.

మూలలు కాస్త చిక్కు. ఒక వరుసలో ఈ గోడ ఇటుక మూలదాకా వస్తే, పై వరుసలో ఆ గోడ ఇటుక రావాలి. నిలువు సందులు ఒకదానిమీద ఒకటి పడకుండా ముక్క ఎక్కడ పెట్టాలో కాగితం మీద కన్నా నేలమీదే త్వరగా తేలుతుంది. కాబట్టి ఇల్లు మొత్తం రెండు వరుసలు మాలు లేకుండా పొడిగా పేర్పించండి. తలుపుల చోట్లు, మూలలు, గోడలు కలిసే చోట్లు అన్నీ చూసి, సరిగ్గా వచ్చాక ఫొటో తీసి, ప్లింత్ మీద సుద్దతో గుర్తులు పెట్టి తీసేయండి. ఒక పూట పోతుంది, కానీ తర్వాత పగలగొట్టే గోడ ఉండదు.

కట్టుబడి

మాలు ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్ళు ఇసుక. తట్టలతో కొలిస్తే సాయంత్రానికి పాళ్ళు మారిపోతాయి. లోపలి కొలత 35 × 25 × 40 సెం.మీ. ఉన్న చెక్క పెట్టె చేయిస్తే అందులో 35 లీటర్లు, సరిగ్గా ఒక మూట సిమెంటు పట్టినంత పడుతుంది. మూటకు ఆరు పెట్టెల ఇసుక. ఏటి ఇసుకైనా రోబో శాండ్ అయినా జల్లెడ పట్టండి. సీసాలో ఇసుక పోసి ఉప్పు కలిపిన నీళ్ళు పోసి గిలక్కొట్టి మూడు గంటలు ఉంచితే పైన తేరిన మెత్తటి మట్టి, ఇసుక ఎత్తులో నూటికి ఎనిమిది పాళ్ళు దాటకూడదు. మాలు గట్టిగా ఉండాలి. పల్చటి మాలు మీద నిలబెట్టిన ఇటుక కుంగుతుంది, ముఖం మీదికి కారి మరకలు చేస్తుంది. నీళ్ళు పోశాక గంటలో వాడేలా కొంచెం కొంచెం కలపండి.

మట్టి ఇటుకలను కట్టేముందు నీళ్ళలో బుడగలు ఆగేదాకా నానబెట్టి, పై తడి ఆరాక వాడాలి. ఫ్లైయాష్ ఇటుకకు పైపైన తడిపితే చాలు. ఎక్కువ నానితే జారుతుంది.

గుల్లలోకి మాలు పడకుండా ఆపడం ఈ పనిలో అసలు నైపుణ్యం. 75 మి.మీ. వెడల్పు, అడుగు కన్నా తక్కువ పొడవు ఉన్న చెక్క ముక్కకు పైన పిడి బిగించండి. 80 మి.మీ. గుల్ల నోట్లో దాన్ని అడ్డు పెట్టి, రెండు పక్కల ఇటుక అంచుల మీద మాత్రమే మాలు పరిచి, చెక్క తీసి పక్క గుల్లలోకి జరపాలి. మామూలు గోడకు అలవాటైన చేతికి మొదటి రోజు ఇది విసుగే. రెండు మూడు రోజులకు చెక్క లేకుండానే తాపీతో సన్నగా పరచడం వచ్చేస్తుంది. చదరపు అడుగు లెక్కన కూలి మాట్లాడితే మేస్త్రీకి మొదటి వారం నష్టం, ఆ నష్టం గుల్లలో మాలుగా మీ గోడలోనే తేలుతుంది. మొదటి గదికి రోజు కూలి ఇచ్చి, తర్వాత కొలత లెక్కకు మారడం ఇద్దరికీ న్యాయం.

ముందు మూలలు నాలుగైదు వరుసలు లేపి, గుండు వేసి, దారం కట్టి మధ్య నింపాలి. నిలబెట్టిన ఇటుక పడుకోబెట్టిన దానికన్నా తేలిగ్గా ఒరుగుతుంది. మాలు పట్టుకున్నాక దాన్ని తాపీ మడమతో కొట్టి సరిచేయకూడదు, కొడితే కింది సందు విడిపోతుంది. తప్పు పడితే తీసి, మాలు గీకి, మళ్ళీ పెట్టడమే. రోజుకు ఎనిమిది వరుసలు దాటవద్దు. సాయంత్రం పని ఆపేటప్పుడు గోడ తలమీద తడి గోనె కప్పండి. రాత్రి వాన గుల్లల్లో నిండితే తెల్లారి గోడ చెమర్చినట్టు ఉంటుంది, కొన్నాళ్ళకు అక్కడే తెల్లటి ఉప్పు పొంగుతుంది.

నీళ్ళు పట్టడం ఏడు రోజులు. పైపుతో గోడ తలమీద పోయకండి, రెండు ముఖాల మీదా చిలకరించాలి.

ఎక్కడ గుల్ల ఉండకూడదు

ప్లింత్ మీద మొదటి వరుస, కిటికీ గట్టు కింది వరుస, లింటెల్ కింది వరుస, స్లాబు కూర్చునే పై వరుస గట్టిగా ఉండాలి. నిలబెట్టిన అడ్డ ఇటుకలే వరసగా పేరిస్తే అదే ఎత్తులో గుల్ల లేని వరుస వస్తుంది. పై వరుస మూసుకుపోకపోతే స్లాబు కాంక్రీటు గుల్లల్లోకి దిగిపోతుంది. పురుగులకూ ఎలుకలకూ దారి కూడా అదే.

తలుపు, కిటికీ పక్కల 150 ముక్కల మధ్య ఉండే ఖాళీని ప్రతి వరుసకూ మాలు, ఇటుక ముక్కలతో దట్టంగా నింపాలి. ఫ్రేమును గోడకు పట్టి ఉంచే ఇనుప పట్టీ, హోల్డ్‌ఫాస్ట్, దిగేది అక్కడే. హోల్డ్‌ఫాస్ట్ ఉన్న చోట కాంక్రీటు వేయండి. ఈ ఒక్క పని వదిలేస్తే రెండు మూడేళ్ళలో తలుపు కొట్టినప్పుడల్లా ఫ్రేము కదులుతుంది.

బీము కూర్చునే చోట గోడలో కాంక్రీటు దిమ్మె పోయాలి. మూలల్లో, గోడలు కలిసే చోట్ల గుల్లలో నిలువు కడ్డీ దింపి సన్న చిప్స్ కాంక్రీటుతో నింపుతూ పైకి రావచ్చు. ఈ కట్టుబడిలో అదొక సౌకర్యం, కడ్డీకి వేరే చోటు చేయనక్కర్లేదు. కడ్డీ మందం, లింటెల్ మట్టాన ఇల్లంతా చుట్టే బ్యాండు కొలతలు ఇంజనీరు ఇవ్వాలి. తుపాను ప్రాంతంలో ఆ బ్యాండు మానేసి డబ్బు మిగిల్చుకునే ఆలోచన వద్దు.

ఏసీ, గీజరు, గోడ అలమర, ఊయల కొక్కెం, ఇవి ఎక్కడొస్తాయో కట్టకముందే గుర్తుపెట్టి ఆ గుల్లలు నింపేయించండి. ఈ గోడల మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇదే: గోడ నిండా గట్టిదనుకుని బోల్టు కొడతారు, అది 75 మి.మీ. దాటి గాలిలోకి పోతుంది.

కరెంటు పైపులు, నీళ్ళ పైపులు

కరెంటు పైపు నిలువుగా గుల్లలో దిగడం ఈ గోడకున్న మంచి గుణం. అయితే పై వరుస అడ్డ ఇటుక కింది గుల్ల నడిమికి వస్తుంది కాబట్టి పైపు తిన్నగా దిగదు అని కొందరు వెనకాడతారు. అడ్డ ఇటుక ఆక్రమించేది గుల్ల పొడవు 250లో 75 మాత్రమే. దానికి అటో ఇటో దాదాపు 85 మి.మీ. సందు పైనుంచి కిందిదాకా తెరిచే ఉంటుంది. 25 మి.మీ. పైపు హాయిగా పడుతుంది. గోడ లేస్తుండగానే పైపు పెట్టుకుంటూ పోవాలి, కట్టాక దించడం కష్టం. స్విచ్ బోర్డు పెట్టె కూర్చునే చోట ఇటుక కోసి, చుట్టూ మాలుతో నింపండి.

గోడకు అడ్డంగా గాడి కొట్టించకూడదు. గట్టి గోడలో అంగుళం గాడి పెద్ద లెక్క కాదు, ఇక్కడ మూడంగుళాల పొర మీద అంగుళం పోతే ఆ పొర నడుము విరిగినట్టే. అడ్డంగా పోవలసినవన్నీ స్లాబులోనో, నేలలోనో, లింటెల్ మట్టంలోనో పోనివ్వండి.

నీళ్ళ పైపు మాత్రం గుల్లలో వేయవద్దు. లీకైతే తెలియదు, తెలిసేసరికి గోడ అడుగు దాకా తడిసి ఉంటుంది. స్నానాల గది గోడ గట్టిగా కట్టించండి, లేదా పైపులు బయట కనపడేలా క్లాంపులతో బిగించండి.

పాయింటింగ్

ఇటుకల సందులను పైన మంచి మాలుతో నింపి ఒత్తడమే పాయింటింగ్. గిలాబు మానేసేవాళ్ళు దీనిమీద ఖర్చుకు వెనకాడకూడదు. మాలు పచ్చిగా ఉండగానే, అదే రోజు, సందులను 10 మి.మీ. లోతు గీకి చీపురుతో దులపాలి. తర్వాత తడిపి 1:3 మాలుతో నింపి, పై అంచు కొద్దిగా లోపలికి, కింది అంచు ఇటుకకు సమానంగా ఉండేలా ఏటవాలుగా ఒత్తాలి. నీళ్ళు నిలవవు. ముఖం మీద పడిన మాలును ఆ సాయంత్రమే తడి గోనెతో తుడిచేయాలి. చివర్లో యాసిడ్‌తో కడిగిద్దాం లే అని వదిలేస్తే యాసిడ్ ఇటుక పై పొరనూ సందునూ తినేస్తుంది. లోపలి వైపు సున్నం నేరుగా ఇటుక మీదే వేసినా బాగుంటుంది, గది వెలుతురుగా ఉంటుంది.

కప్పుకు అదే లెక్క: ఫిల్లర్ స్లాబు

స్లాబు వంగేటప్పుడు పైభాగం నొక్కుకుంటుంది, అడుగుభాగం సాగుతుంది. నొక్కుడు కాంక్రీటు మోస్తుంది, సాగుడు ఇనుము మోస్తుంది. అడుగున ఇనుము చుట్టూ ఉన్నది తప్ప మిగతా కాంక్రీటు బరువుకే. బేకర్ ఆ చోట పాత బంగళా పెంకులు పెట్టాడు. దాన్నే ఫిల్లర్ స్లాబు అంటారు. రెండు పెంకులు ఒకదానిమీద ఒకటి బోర్లించి పెడితే మధ్య గాలి చిక్కుకుని కప్పు వేడి కూడా తగ్గుతుంది.

డిజైన్ ఇంజనీరుది. సైటులో మీరు చూడవలసినవి కొన్నే. పెంకుల మీద కనీసం 50 మి.మీ. కాంక్రీటు రావాలి, స్లాబు మందం దాన్నిబట్టే. గోడల మీద, గోడలను ఆనుకుని పెంకులు పెట్టకూడదు, అక్కడ గట్టి స్లాబే. సెంట్రింగ్ మీద సుద్దతో గళ్ళు గీసి, కడ్డీలు గళ్ళ మధ్య దారుల్లో పరిచి, కవర్ బ్లాకుల మీద లేపాక పెంకులు పెట్టాలి. పెంకులు ముందురోజే నీళ్ళలో నానాలి, లేకపోతే అవి కాంక్రీటులో నీళ్ళు తాగేస్తాయి, సందుల్లో కాంక్రీటు పొడిపొడిగా మిగులుతుంది. దారులు ఇరుకు కాబట్టి 12 మి.మీ. చిప్స్ వాడి, ముందు ఆ దారులు నింపి తర్వాత పైన పరవాలి. పోసేటప్పుడు పెంకుల మీద నడవకుండా చెక్కలు వేయండి. వైబ్రేటరు పెంకుకు తగిలితే అది జరిగి కడ్డీకి ఆనుకుంటుంది, కడ్డీ చుట్టూ కాంక్రీటు లేక తుప్పు మొదలయ్యేది అక్కడినుంచే. ఫ్యాన్ కొక్కెం చోట పెంకు ఉండకూడదు. దాన్ని ప్లానులో గుర్తించకుండా పోసిన స్లాబుల్లో తర్వాత డ్రిల్లు వేస్తే పెంకు పగిలి రాలుతుంది.

ఆదా ఎంతో అంచనా కావాలంటే గదిలో పట్టిన పెంకు జతల సంఖ్యను ఒక జత ఆక్రమించే ఘనపరిమాణంతో గుణించి మొత్తం స్లాబు ఘనంలోంచి తీసేయండి. చిన్న గదుల్లో చుట్టూ గట్టి భాగమే ఎక్కువ కాబట్టి ఆదా నామమాత్రం. పెద్ద హాలులోనే దీని లాభం.

మేస్త్రీకి బొమ్మ, ఇంటికి కాగితం

ఆర్కిటెక్టు ప్లాను మేస్త్రీకి చాలదు. ప్రతి గోడకూ రెండు వరుసల బొమ్మ, పైనుంచి చూసినట్టు, పదో వంతు స్కేలులో గీయించండి: బేసి వరుస ఒకటి, సరి వరుస ఒకటి. ముక్కలు పడే ఇటుకకు గీతలు కొట్టి, నింపాల్సిన గుల్లకు రంగు వేయాలి. పేర్లన్నీ తెలుగులో, మేస్త్రీ వాడే మాటల్లోనే ఉండాలి. దాన్ని లామినేషన్ చేయించి సైటులో వేలాడదీస్తే మేస్త్రీ మారినా పని మారదు.

అసలు గోడ మొదలుపెట్టే ముందు నాలుగడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు నమూనా గోడ కట్టించి, రెండో రోజు దాన్ని మధ్యకు పగలగొట్టి లోపల చూడండి. గుల్ల అడుగున వేలెడు కన్నా మందంగా మాలు పేరుకుంటే చెక్క ముక్క సరిగ్గా వాడడం లేదన్నమాట. ఆ నమూనాకయ్యే ఎనభై చిల్లర ఇటుకలు వృథా కావు, ముక్కలన్నీ గుల్లలు నింపడానికి పనికొస్తాయి.

ఇల్లు కడుతుండగా ప్రతి గోడనూ లింటెల్ మట్టానికి చేరకముందు పైనుంచి ఫొటో తీసి, టేపు పక్కన పెట్టి, ఏ గుల్లలో కడ్డీ ఉంది, ఏ గుల్లలో పైపు ఉంది, ఏది నింపారు అన్నది మూల నుంచి కొలతలతో రాసుకోండి. మేకు ఎక్కడ కొట్టవచ్చో, ఎక్కడ కొట్టకూడదో చెప్పేది ఆ కాగితమే. ఒక నకలు ఇంటి దస్తావేజులతో, ఇంకొకటి మెయిన్ స్విచ్ బోర్డు తలుపు లోపలివైపు అంటించి ఉంచండి. ఎలక్ట్రీషియన్ ముందు చూసేది అక్కడే.